తలంబ్రాలు గాల్లో ఆగాలంటే ఫ్లాష్ పవర్ తగ్గించు

కర్నూలు

అబ్బీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆదోని పెళ్ళి ఫొటోలు చూశాను. తలంబ్రాల దగ్గర పెళ్ళికొడుకు నవ్వు బాగా దొరికింది, పెళ్ళికూతురు కళ్ళు మూసుకోలేదు, ఫోకస్ కూడా సరిగ్గా ఉంది. బియ్యం మాత్రం గింజల్లా లేవు, గీతల్లా ఉన్నాయి. కెమెరా పాతదైపోయింది, షట్టర్ 1/8000 దాకా పోయే కొత్త బాడీ కావాలి అని రాశావు. మీ నాయనను డబ్బులు అడిగే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు. నీకు కావాల్సింది కొత్త కెమెరా కాదు.

చీకట్లో ఫ్లాష్‌తో తీసే ఫొటోలో కదలికను ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్ వెలిగి ఆరిపోయే ఆ కాస్త సమయం. షట్టర్ 1/200 సెకను తెరిచి ఉన్నా సరే, వెలుగు 1/10,000 సెకనే ఉంటే సెన్సర్‌కు కనిపించేది ఆ 1/10,000 సెకనులో ఉన్న గింజే. మిగతా సమయమంతా దానికి చీకటి.

లెక్క వేసి చూడు. తల మీద పోసిన బియ్యం అర మీటరు కిందికి వచ్చేసరికి వాటి వేగం సెకనుకు మూడు మీటర్లు దాటుతుంది. 1/200 సెకనులో గింజ పదిహేను మిల్లీమీటర్లు కదులుతుంది. గింజ పొడవే ఆరేడు మిల్లీమీటర్లు కాబట్టి అది గీతే అవుతుంది. 1/1000లో మూడు మిల్లీమీటర్లు, అంటే గింజలో సగం. 1/10,000 దగ్గరికి వస్తే మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఆల్బమ్‌లో పెద్ద షీటు వేసినా ఎవరి కంటికీ ఆనదు.

'నేనూ ఫ్లాష్ వేశాను కదా' అంటావు. వేశావు, కానీ ఎట్లా వేశావు? ఫ్లాష్ తల సీలింగ్ వైపు తిప్పి, టీటీఎల్‌లో (ఫ్లాష్ పవర్‌ను కెమెరాయే కొలిచి నిర్ణయించే పద్ధతి) పెట్టి వదిలేశావు. ఆ మండపం సీలింగ్ చాలా ఎత్తు, పైగా రంగు గుడ్డలు కట్టారు. కిందికి తిరిగొచ్చే వెలుగు చాలదని కెమెరా ఫ్లాష్‌ను ఫుల్ పవర్‌కు తోసింది. అక్కడే గింజ గీత అయింది.

మనం చేతిలో పట్టుకునే చిన్న ఫ్లాషుల్లో, అంటే స్పీడ్‌లైట్లలో, పవర్ పెంచితే వెలుగు గట్టిగా వస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి ఎక్కువసేపు వస్తుంది. లోపల కెపాసిటర్‌లో దాచిన కరెంటు ట్యూబులోకి పోతుంటే, ఐజీబీటీ అనే స్విచ్ దాన్ని మధ్యలో కోసేస్తుంది. కుళాయి తిప్పి బిందె నిండేదాకా ఉంచడం ఫుల్ పవర్ అయితే, తిప్పీ తిప్పకముందే కట్టేయడం 1/64 పవర్. నా దగ్గరున్న పాత నికాన్ ఎస్‌బీ-800 ఫ్లాష్ పుస్తకంలో ఈ లెక్క అచ్చు వేసి ఉంది. ఫుల్ పవర్‌లో 1/1050 సెకను, 1/4 పవర్‌లో 1/2700 సెకను, 1/8లో 1/5900, 1/16లో 1/10,900, 1/32లో 1/17,800, చివరి 1/128లో 1/41,600. తెరలు కదిలే ఏ మెకానికల్ షట్టరూ ఆ చివరి అంకె దరిదాపుల్లోకి రాదు. నీ దగ్గరున్న గోడాక్స్ వీ860కి కూడా కంపెనీ 1/300 నుంచి 1/20,000 దాకా అని రాసింది. నీ సంచిలో ఉన్నదే చాలు, వాడే పద్ధతి మారాలి.

ఈ అంకెల్లో ఒక తిరకాసు ఉంది. కంపెనీలు ఎక్కువగా చెప్పేది టీ-0.5 లెక్క. అంటే వెలుగు దాని గరిష్ఠంలో సగానికి పైన ఉన్న సమయం మాత్రమే. ఫుల్ పవర్‌లో ఆ సగం తర్వాత కూడా ఒక పొడుగాటి తోక ఉంటుంది, వెలుగు మెల్లగా చచ్చేదాకా. ఆ తోకను కూడా కలిపేది టీ-0.1 లెక్క. ఫుల్ పవర్‌లో అది సుమారు మూడింతలు అవుతుంది. అందుకే 1/1050 అని రాసిన ఫ్లాష్ నిజంగా ఆపేది 1/350 అంత మాత్రమే. పవర్ తగ్గిస్తే స్విచ్ ఆ తోకనే కోసేస్తుంది కాబట్టి రెండు లెక్కలూ దగ్గరికి వస్తాయి. ఫ్లాషులు కొనేటప్పుడు ఏ లెక్క రాశారో చూడు. ఏదీ రాయకపోతే టీ-0.5 అనే అనుకో.

స్టూడియోలోని పాత పెద్ద లైట్ల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వాటిల్లో చాలావరకు పవర్ తగ్గించడమంటే కెపాసిటర్‌కు వోల్టేజీ తగ్గించడం. అప్పుడు వెలుగు తగ్గుతుంది, సమయం మాత్రం తగ్గదు, కొన్నింటిలో పెరుగుతుంది కూడా. పాత స్టూడియో లైటు అద్దెకు తెచ్చి 'పవర్ తగ్గించినా ఆగలేదు పెదనాయనా' అని ఫోన్ చేయకు. కొత్తగా వస్తున్న ఐజీబీటీ స్టూడియో లైట్లు వేరు, అవి స్పీడ్‌లైట్లలాగే నడుస్తాయి.

పవర్ 1/16కు దించితే వెలుగు చాలదు కదా అని నీకు అనుమానం రావాలి. దానికి మొదటి మందు దూరం. ఫ్లాష్‌ను నాలుగు మీటర్ల నుంచి రెండు మీటర్లకు తెస్తే వెలుగు నాలుగింతలవుతుంది, అంటే 1/4 పవర్‌లో చేసే పని 1/16లో అయిపోతుంది. రెండో మందు ఇంకో ఫ్లాష్. నాలుగు ఫ్లాషులు 1/16లో కలిసి వెలిగితే 1/4లో ఉన్న ఒక్క ఫ్లాష్‌తో సమానం, సమయం మాత్రం 1/16దే. అంత వద్దు, నీకు రెండు చాలు. సీలింగ్‌కు కొట్టడం మాత్రం మానుకో, వెలుగంతా అక్కడే పోతోంది.

తలంబ్రాలకు ఇట్లా పెట్టి చూడు. కెమెరా మాన్యువల్‌లో, షట్టర్ 1/200, లెన్స్ రంధ్రం ఎఫ్/8 (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 400. ఒక ఫ్లాష్ జంటకు ముందు పక్కన, రెండు మీటర్ల దూరంలో, తల కంటే ఎత్తులో. రెండోది వాళ్ళ వెనక పక్కన, మండపం స్తంభానికి క్లాంపుతో బిగించు. ఆ వెనక వెలుగే గింజ అంచును మెరిపిస్తుంది. ముందు నుంచి మాత్రమే కొడితే బియ్యం తెల్ల పట్టుచీర మీద కలిసిపోయి, ఆగినా కనపడదు. స్టాండు పెట్టకు, పిల్లలు ఆ టైమ్‌కే కాళ్ళకు అడ్డం పడి పరిగెడతారు. రెండు ఫ్లాషులూ మాన్యువల్‌లో 1/16 దగ్గర ఉంచు. ఒకటి 1/4లో, ఒకటి 1/64లో పెడితే నిదానంగా ఆరే ఫ్లాష్ గీతలు మళ్ళీ తెస్తుంది. పైగా బాగా తక్కువ పవర్‌లో వెలుగు కాస్త నీలంగా మారుతుంది, రెండు రంగులు సరిచేయలేక రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుంటావు. ఎట్లాగూ రా (RAW) ఫైల్‌గా తీయి, రంగు తర్వాత సరిచేసుకోవచ్చు.

టీటీఎల్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. అసలు వెలుగుకు ముందు అది ఒక చిన్న ప్రీఫ్లాష్ వేసి కొలుచుకుంటుంది. దాంతో కొంచెం ఆలస్యం. పైగా వెనక ఫ్లాష్‌ను వెలుగు చూసి వెలిగే స్లేవ్‌లో పెట్టి ఉంటే, ఆ ప్రీఫ్లాష్‌కే వెలిగి ఊరుకుంటుంది. పెళ్ళిలో ఇంకొకరి ఫ్లాష్‌కు కూడా నీది వెలుగుతుంది. కెమెరా నుంచి రేడియో సిగ్నల్‌తో ఫ్లాష్‌ను వెలిగించే రేడియో ట్రిగ్గర్ వాడు.

మండపంలో అసలు శత్రువు వీడియో లైటు. ఫ్లాష్ ఎంత వేగంగా ఆరినా, ఆ ఎల్‌ఈడీ ప్యానెల్ 1/200 సెకను పొడుగునా గింజ మీద వెలుగు పోస్తూనే ఉంటుంది. అప్పుడు గింజ స్పష్టంగా పడుతుంది, దాని పక్కనే దెయ్యంలా ఒక మసక తోక కూడా పడుతుంది. దీనికి పరీక్ష సులువు. అవే సెట్టింగులు పెట్టుకుని, ఫ్లాషులు ఆఫ్ చేసి ఒక ఫొటో తీయి. ఫ్రేమ్ దాదాపు నల్లగా వస్తే నువ్వు గెలిచినట్టే. మొహాలు పోల్చుకునేంత కనపడితే ఐఎస్ఓ తగ్గించు, లేదా ఎఫ్/11కి పో, ఫ్లాషులు ఇంకొంచెం దగ్గరికి జరుపు. పవర్ పెంచే ఆలోచన చివరిది. వీడియో తీసే అన్నతో ముందే మాట్లాడుకో, లైటు ఆపమంటే ఆపడు, కొంచెం తగ్గించి పక్కకు తిప్పమంటే తిప్పుతాడు. మర్యాదగా అడుగు, టీ తెప్పించు, సగం పని అయిపోతుంది.

ఇట్లా తీస్తే వెనక డెకరేషన్ చీకటిగా వస్తుంది. పెళ్ళివాళ్ళు పూల డెకరేషన్‌కు లక్షలు పోసి ఉంటారు, అది కనపడకపోతే ఊరుకోరు. కాబట్టి మొదటి దోసిళ్ళు ఆపి తీయి, తర్వాత షట్టర్ 1/60కి దించి మండపం వెలుగును లోపలికి రానివ్వు. గింజలు గీతలైనా ఆ ఫొటోలు కూడా అమ్ముడుపోతాయి. ఈమధ్య బియ్యంలో థర్మోకోల్ గుళ్ళు కలుపుతున్నారు. నాకైతే నచ్చదు, కానీ అవి నెమ్మదిగా పడతాయి, వెలుగు బాగా పట్టుకుంటాయి. నీ పని సులువు.

టైమింగ్ సంగతి వేరు. కన్ను చూసి వేలు నొక్కేసరికి సుమారు సెకనులో అయిదో వంతు పోతుంది. ఆలోపు గింజ ఇరవై సెంటీమీటర్లు జారిపోతుంది. అందుకని బియ్యాన్ని చూసి నొక్కకు, దోసిలి ఒంపే మణికట్టును చూసి నొక్కు. ఫోకస్ ముందే మొహం మీద లాక్ చేసుకో. 1/16లో ఫ్లాష్ వెంటనే మళ్ళీ సిద్ధమవుతుంది కాబట్టి వరసగా నాలుగైదు కొట్టుకోవచ్చు. ఫుల్ పవర్‌లో ఒకటి కొట్టి, అది చార్జ్ అయ్యేదాకా నోరు తెరుచుకుని చూడాల్సి వచ్చేది.

పెళ్ళికి ముందు ఇంట్లో పరీక్ష చేసుకో. ఫ్యాన్ ఆపి, ఒక రెక్క చివర సన్నటి తెల్ల కాగితం ముక్క అతికించు. రాత్రి లైట్లన్నీ తీసేసి ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి, కింద నుంచి ఫ్లాష్‌తో తీయి. మామూలు నలభై ఎనిమిది అంగుళాల ఫ్యాన్ నిమిషానికి 350 చుట్లు తిరిగితే రెక్క కొస సెకనుకు ఇరవై రెండు మీటర్లు పోతుంది. గంటకు ఎనభై కిలోమీటర్లు! ఫుల్ పవర్‌లో కాగితం అంచు సాగిపోయి కనపడుతుంది. 1/2, 1/4 అని దించుకుంటూ పో. ఎక్కడ అంచు కత్తిరించినట్టు వస్తుందో అదే నీ ఫ్లాష్ నిజమైన సత్తా, కంపెనీ ఏం రాసినా సరే. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1851లో ఫాక్స్ టాల్బట్ లండన్‌లో టైమ్స్ పత్రిక కాగితాన్ని తిరిగే చక్రానికి అంటించి, చీకటి గదిలో విద్యుత్ మెరుపుతో ఫొటో తీశాడు. ఆ తర్వాత అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్గర్టన్ పాలచుక్క చిమ్మితే కిరీటంలా లేచే ఫొటో 1957లో తీశాడు. ఒకసారి వెతికి చూడు, కడుపు నిండిపోతుంది.

ఫ్యాన్ అయ్యాక బొరుగులతో చేయి. ఉగ్గాని కోసం తెచ్చిన బొరుగులు ఒక గుప్పెడు, వెనక నల్లగుడ్డ, పైకి ఎగరేయడానికి మీ చెల్లెలు. ఊడ్చేది నువ్వే.

పగటి పూట మాత్రం ఈ విద్య పనిచేయదు. ఓర్వకల్లు రాళ్ళ మధ్యనో, గండికోట అంచునో మిట్టమధ్యాహ్నం ప్రీవెడ్డింగ్ తీస్తుంటే సూర్యుడే పెద్ద వీడియో లైటు. ఐఎస్ఓ 100, ఎఫ్/16, 1/200 పెట్టినా ఎండ ఒక్క స్టాపే, అంటే సగానికే, తగ్గుతుంది, దాన్ని చీకటి చేయలేవు. ఎగిరే దుపట్టా ఆగాలంటే అక్కడ షట్టర్ 1/2000కి పెంచాల్సిందే, ఫ్లాష్ కావాలంటే హెచ్‌ఎస్‌ఎస్ (షట్టర్ 1/200 దాటినా ఫ్లాష్ పనిచేసే పద్ధతి) వాడాల్సిందే. హెచ్‌ఎస్‌ఎస్‌లో ఫ్లాష్ ఒక్కసారి మెరవదు, షట్టర్ రెండు తెరల మధ్య చీలిక సెన్సర్ మీద జరిగినంతసేపూ చిన్న చిన్న మెరుపులతో వెలుగుతూనే ఉంటుంది. వెలుగు బాగా తగ్గిపోతుంది, కదలికను ఆపేది మళ్ళీ షట్టరే. మండపంలో పొరపాటున హెచ్‌ఎస్‌ఎస్ ఆన్‌లో ఉంటే, షట్టర్ 1/200 దాటిందేమో చూసుకో.

దసరా రాత్రి దేవరగట్టు బన్ని, అదే కర్రల సమరం, తీస్తానని కూడా రాశావు. కర్రలు గాల్లో ఆగిపోవాలని నీ కోరిక. నా మాట విను, అక్కడ ఫ్లాష్ వద్దు. కాగడాల వెలుగే ఆ ఫొటోకు ప్రాణం, ఫ్లాష్ కొడితే కర్రలు ఆగుతాయి కానీ మంట వెలుగు చచ్చిపోయి పగటి గొడవలా కనపడుతుంది. కళ్ళల్లో వెలుగు కొడితే కర్ర తిప్పేవాడికి కూడా ప్రమాదం. మాళమల్లేశ్వర స్వామి గుడి దగ్గర ఎత్తు మీద నిలబడి, ఐఎస్ఓ పెంచుకుని తీయి. గుంపులోకి దిగకు, ఏటా తలలు పగులుతుంటాయి.

ఇక డబ్బుల సంగతి. కొత్త బాడీ వద్దు. ఇంకో సెకండ్ హ్యాండ్ ఫ్లాష్, ఒక క్లాంపు, ట్రిగ్గర్ కొనుక్కో. ఫ్లాష్ కొనే ముందు దుకాణంలోనే సీలింగ్ ఫ్యాన్ మీద ఒకసారి కొట్టి చూడు, వాళ్ళు నవ్వినా పట్టించుకోకు. వచ్చే ముహూర్తానికి ముందు కాగితం ముక్క ఫొటోలు నాకు పంపు, ఏ పవర్‌లో తీశావో కింద రాయి.

ఇట్లు
మీ పెదనాయన