మచ్చలు పోయాయి, మరి జబ్బు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చేశాను. అక్కడుండగా ఒకామెతో కలిశాను, కండోమ్ వాడలేదు. మూడు వారాలకు మర్మాంగం మీద చిన్న పుండు లేచింది. నొప్పి లేదు, దానంతటదే మానింది. ఇంటికొచ్చాక అరచేతుల్లో ఎర్రటి మచ్చలొస్తే ఆర్‌ఎంపీ గారు ఎలర్జీ అని ఆయింట్‌మెంట్ ఇచ్చారు. అవీ పోయాయి. ఇప్పుడు నా భార్యకు ఐదో నెల. పరీక్ష అవసరమా? ఇక్కడి ల్యాబుల్లో అందరూ తెలిసినవాళ్లే, టెన్షన్‌గా ఉంది. (పేరు వద్దు)

జవాబు: అవసరమే బాబూ, ఈ వారంలోనే. మీతోపాటు మీ ఆవిడకీ చేయించాలి.

నొప్పిలేని పుండు, ఆ తర్వాత అరచేతుల్లో మచ్చలు. ఈ వరస చూస్తే నాకు ముందు సిఫిలిస్ అనే సుఖవ్యాధి అనుమానం వస్తుంది. రక్తపరీక్ష లేకుండా అదేనని చెప్పను. అయితే ఈ జబ్బులో పుండు మందు వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానుతుంది, మచ్చలూ అలాగే పోతాయి. క్రిమి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. పైపూత మందుకు అది లొంగదు.

నా దిగులంతా కడుపులో బిడ్డ గురించే. తల్లికి సోకితే మాయ దాటి బిడ్డకు చేరుతుంది. గర్భం పోవచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, పుట్టిన బిడ్డకు ఎముకలు, చూపు, వినికిడి దెబ్బతినవచ్చు. వేళకు పెన్సిలిన్ పడితే చాలావరకు ఆపగలం. ఐదో నెలే కాబట్టి ఇంకా సమయం ఉంది, కానీ కాన్పు దాకా ఆగే సమయం కాదు. గర్భిణులకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. ఆమె కార్డులో రాశారేమో చూడండి. మొదటి నెలల్లో నెగెటివ్ వచ్చినా సంగతి డాక్టరుకు చెప్పి మళ్లీ చేయించండి.

ఊళ్లో ఇబ్బందైతే ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ వెళ్లండి. అక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంది. సిఫిలిస్‌కు చేసే రక్తపరీక్షలు వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్, దాన్ని నిర్ధారించే టీపీహెచ్‌ఏ, వీటితోపాటు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి కూడా చేయించండి. ఆ కలయిక జరిగి మూడు నెలలు దాటితే హెచ్‌ఐవీ నెగెటివ్‌ను నమ్మవచ్చు. మీ హెచ్‌ఐవీ వివరాలు బయటపెట్టకూడదని 2017 చట్టమే చెబుతోంది. ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

సిఫిలిస్ అని తేలితే బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. సోకి ఏడాది లోపైతే సాధారణంగా ఒక్కసారి చాలు, ఎక్కువకాలమైతే వారానికొకటి చొప్పున మూడు. వేసిన రోజు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, కంగారుపడకండి. పెన్సిలిన్ పడదనుకుంటే ముందే చెప్పండి. గర్భిణికి బిడ్డను కాపాడేది పెన్సిలినే, కాబట్టి ఆమెకు పడకపోతే ఆసుపత్రిలో ఉంచి, కొద్దికొద్దిగా అలవాటు చేసి అదే ఇస్తారు.

మీ ఆవిడకు చెప్పడమే కష్టమని తెలుసు. అయినా చెప్పి తీరాలని నా అభిప్రాయం. ఆమెకు తెలియకుండా ఆమె ఒంట్లోకి సూది పోకూడదు. నోరు రాకపోతే అక్కడి కౌన్సెలర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. ఇద్దరి వైద్యమూ పూర్తయి, డాక్టరు సరే అనేదాకా కలవకండి. ఆరు నెలలకు, ఏడాదికి మీ రక్తం మళ్లీ చూపించాలి. ఆమెకు కాన్పులోపే ఇంకోసారి చూస్తారు, బిడ్డకు పుట్టగానే.