టోల్కీన్ నవలలు హిట్టయ్యాక ప్రొఫెసర్ ఉద్యోగం మానేశారా?

లేదు, జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1959లో రిటైరయ్యేదాకా ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గానే ఉన్నారు. బెంగళూరు చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపుల్లో ఫాంటసీ అర ముందు నిలబడితే మాత్రం ఈయన ఫుల్‌టైమ్ రచయితే అనిపించడం సహజం.

మానకపోవడానికి పెద్ద కారణం, డబ్బు బాగా ఆలస్యంగా రావడమే. ఆయన 1925లో, 33 ఏళ్లకే ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరయ్యారు. ‘ద హాబిట్’ నవల వచ్చింది 1937లో. ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ 1954-55లో వచ్చేసరికి అరవై దాటాయి. పైగా దాని ఒప్పందం ప్రకారం, పబ్లిషర్ ఖర్చులు తిరిగొచ్చేదాకా రచయితకు పైసా రాదు. ఆ తర్వాత లాభంలో సగం. అమెరికాలో పేపర్‌బ్యాక్‌ల జోరు 1965లో మొదలైంది, అంటే రిటైర్మెంట్ తర్వాతే.

జీతం ఒక్కటే చాలేది కూడా కాదు. నలుగురు పిల్లల సంసారం, అందుకే వేసవిలో స్కూలు పరీక్షల పేపర్లు దిద్దేవారు. అలా దిద్దుతుండగా ఎవరో విద్యార్థి ఖాళీగా వదిలేసిన పేజీ మీదే ‘ద హాబిట్’ మొదటి వాక్యం రాశారు.

చాలామంది పొరబడేది ఇంకొకటి: క్లాసులో ఫాంటసీయే చెప్పేవారని. కాదు. ఆయన సబ్జెక్టు పాత ఇంగ్లిష్, మధ్యయుగ సాహిత్యం. మన దగ్గర నన్నయ పాఠం చెప్పే ఆచార్యుడు ఇంటికెళ్లి జానపద నవల రాసుకున్నట్టు. ‘బేవుల్ఫ్’ అనే పాత ఇంగ్లిష్ కావ్యం మీద 1936లో ఆయన చేసిన ప్రసంగాన్ని ఆ రంగంలోవాళ్లు ఇప్పటికీ చదువుతారు.