బిడ్డ పోయిన ఇంట్లో రోజు ఎట్లా గడపాలి, దేనికోసం బతకాలి?

అమ్మా, మీరు రాసింది ఇది: ఉండేది చిత్తూరులో. ఇంటర్ చదివే అబ్బాయి బైకు ప్రమాదంలో పోయి ఎనిమిది నెలలు. దినాలైన వారానికే మీ ఆయన అంగడి తెరిచారు. మీరు మాత్రం వాడి గది దాటి రాలేకపోతున్నారు. పాప బడికి పోతోంది. 'ఇంక దేనికోసం బతకాలో చెప్పండి' అని అడిగారు.

ఆ ప్రశ్నకు ఎనిమిదో నెలలో జవాబు దొరకదు. దొరకలేదని మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోవద్దు. ముందు రోజును నిలబెట్టాలి. 'దేనికోసం' అన్నది ఆ రోజుల్లోంచే తర్వాత మొలుస్తుంది. కొందరు తొందరపడి మొదటి ఏడాదిలోనే బిడ్డ పేరున ట్రస్టు రిజిస్టరు చేయించి, చేతిలో ఉన్నదంతా పెడతారు. రెండో ఏడు లెక్కలు, ఆడిట్లు మోయలేక దాన్ని మూసేస్తారు. అప్పుడు బిడ్డను రెండోసారి పోగొట్టుకున్నట్టు అవుతుంది. పెద్ద పని ఏదైనా సంవత్సరీకం దాటాకే.

రోజు నిలబడాలంటే గడియారం చూసి చేసే పనులు మూడు చాలు. పొద్దున 6 గంటలకు తలుపు తీసి వాకిట నీళ్లు చల్లండి. ముగ్గు వేయబుద్ధి కాకపోతే వద్దు, నీళ్లు చాలు. మధ్యాహ్నం 1 గంటకు ఏదో ఒకటి తినండి. ముద్ద గొంతు దిగకపోతే రాగి జావ, మజ్జిగ తాగండి. ఎండ ముదరకముందే 20 నిమిషాలు బయట నడవండి. పగలు 3 దాటాక పడుకోవద్దు, టీ కూడా అప్పటికి ఆపేయండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్రలు మాత్రం వద్దు. వారాల తరబడి వాడితే అలవాటైపోతాయి, ఒక్కసారి ఆపితే నిద్ర ఇంకా చెడుతుంది. డాక్టరు చూసి ఇస్తే అది వేరు.

ఇక గది. 'అవన్నీ తీసేస్తేనే మనసు కుదుటపడుతుంది' అని చుట్టాలు చెబుతారు. వాళ్ల మాట వినొద్దు, మీరు లేనప్పుడు ఎవరినీ సర్దనివ్వొద్దు. మీకు చేతనైన రోజున, మీరూ ఇంకొకరూ కలిసి ఒక్క గంట కూర్చోండి. ఉంచేవి, ఇచ్చేవి, ఇప్పుడు తేల్చలేనివి అని మూడు కుప్పలు పెట్టండి. మూడో కుప్పే పెద్దదైనా పర్వాలేదు. ఉతకని చొక్కా ఏదైనా మిగిలి ఉంటే జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, గాలి తీసి మూయండి. కలరా ఉండలు వేసిన బీరువాలో పెడితే ఆ వాసనే పట్టి, వాడి వాసన పోతుంది.

ఫోన్ సంగతి ఈ వారమే చూడండి. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకుండా వదిలేస్తే కంపెనీ ఆపేయొచ్చు, తర్వాత ఆ నంబరు ఇంకొకరికి ఇస్తారు. అప్పుడు వాట్సాప్‌లో వాడి పేరు పక్కన ఎవరో తెలియని ముఖం కనబడుతుంది. ఏ హెచ్చరికా లేకుండా తగిలే ఆ దెబ్బ చాలా గట్టిది. మీ ఫోన్‌లో వాడి చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, 'మోర్' కింద ఉన్న 'ఎక్స్‌పోర్ట్ చాట్'లో ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు కూడా కలిపి మీ ఈమెయిల్‌కు పంపుకోండి. చాట్ పెద్దదైతే అన్నీ రావు, కాబట్టి వాడి గొంతు ఉన్నవి విడిగా కూడా దాచుకోండి. వాడి ఫోన్ లాక్ తెలియకపోతే ఫోన్లు బాగుచేసే అంగడిలో ఇచ్చి రీసెట్ చేయించొద్దు, లోపలున్నదంతా పోతుంది.

మీ ఆయన గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇళ్లు విరిగేది ఎక్కువగా ఇక్కడే. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ఒక మాట చెప్పారు. దుఃఖంలో ఉన్న మనిషి ఒకసారి పోయినవాళ్ల వైపు, ఒకసారి బతుకు పనుల వైపు ఊగుతుంటాడని, ఆ ఊగడమే మనిషిని కుదుటపరుస్తుందని. మీరు ఒక కొసన ఆగిపోయారు, ఆయన ఇంకో కొసన. మీకు ఆయన రాయిలా కనిపిస్తారు, ఆయనకు మీరు మునిగిపోతున్నట్టు కనిపిస్తారు. వారంలో ఒక సాయంత్రం అరగంట ఆయన అంగడి వదిలి వాడి గదిలో మీ పక్కన కూర్చోవాలి, మాట్లాడకపోయినా సరే. ఇంకో రోజు ఒక గంట మీరు అంగడిలో గల్లా దగ్గర కూర్చోవాలి. రాత్రి మందు మొదలైందేమో కూడా గమనించండి, మగవాళ్ల ఏడుపు చాలాసార్లు అందులోకే పోతుంది. 'బండి కొనిచ్చింది నువ్వే కదా' అన్న మాట మాత్రం ఎంత కోపంలోనూ నోట రానీయొద్దు. ఒకసారి అన్నాక దాన్ని వెనక్కి తీసుకోలేరు.

పాప అల్లరి మానేసి, అడగకుండానే పనులు చేస్తుంటే మంచిపిల్ల అయిందని మురిసిపోవద్దు, భయపడి ఒదిగి ఉందని అర్థం. 'ఇంక నువ్వే మాకు కొడుకువి' అనకండి, ఆ బరువు మోసే వయసు కాదు. అన్న పేరు ఇంట్లో మామూలుగా పలకండి.

కష్టంగా గడిచే తారీఖులు ఎప్పుడొస్తాయో ముందే తెలుసు కాబట్టి రెండు వారాల ముందే ఏం చేయాలో అనుకోండి. పుట్టినరోజు, పోయిన రోజు, ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు, మేలో గంగమ్మ జాతర. తిరుపతి తాతయ్యగుంట జాతరకు వాడికి ఎప్పుడైనా వేషం వేయించి ఉంటే, బొగ్గు పూసుకున్న పిల్లలు వీధిలో కనబడగానే కాళ్లు ఆడవు. పోవాలనుకుంటే సొంత బండిలో పోయి ఒక గంటలో వచ్చేయండి. లేదంటే ఆ వారం వేరే ఊళ్లో ఉండండి. రెండూ సరైనవే.

ఇప్పుడు మీరు అడిగిన దానికి వస్తాను. వాడి పేరుతో, ఒక తారీఖుతో, ముగింపు ఉన్న చిన్న పని పట్టుకోండి. వాడి పుట్టినరోజున ప్రభుత్వ బడిలో తిథి భోజనం పెట్టొచ్చు. మధ్యాహ్న భోజన పథకంలోనే ఆ ఏర్పాటు ఉంది, వారం ముందు హెడ్‌మాస్టర్‌ను కలిస్తే వంట, కొలత వాళ్లే చెబుతారు. రక్తదానమైతే 18 ఏళ్లు నిండి, 45 కిలోలు, సరిపడా హిమోగ్లోబిన్ ఉండాలి. మగవాళ్లు 3 నెలలకు, ఆడవాళ్లు 4 నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. తినకుండా చిక్కిపోయి ఉంటే ఇప్పుడు ఆగండి. హెల్మెట్ గురించి కాలేజీల్లో మాట్లాడమని పిలిస్తే మొదటి ఏడాది ఒప్పుకోవద్దు. ప్రతిసారీ ఆ రోడ్డు మీదికే తిరిగి పోవాల్సి వస్తుంది. హెల్మెట్లు కొనివ్వడం, ఏర్పాట్లు చూడడం వరకు చేయండి. వారానికి రెండు గంటలు మించొద్దు, మూడు నెలల తర్వాత ఇంకా చేయాలనిపిస్తే కొనసాగించండి. ఆ పని చేసిన రోజు సాయంత్రం ఇంకే పనీ పెట్టుకోవద్దు, ఏడుపు అప్పుడే వస్తుంది.

రెండో ఏడు ఇంకా బరువుగా అనిపించొచ్చు. పలకరించేవాళ్లు తగ్గుతారు, మొద్దుబారిన మనసు మేలుకుంటుంది. వెనక్కి పోయామని కంగారుపడొద్దు. కానీ ఏడాది దాటినా దాదాపు రోజూ తిండీ పనీ సాగనంతగా ఉంటే తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ చూపించండి. 'వాడి దగ్గరికే పోతా' అన్న ఆలోచన వస్తే ఏడాది దాకా ఆగొద్దు. ఆ రాత్రే 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఉన్న పురుగుమందు, మిగిలిన మాత్రలు పక్కింటివాళ్లకు ఇచ్చేయమని మీ ఆయనకు చెప్పండి. ఒంటరిగా పడుకోవద్దు.

రేపు పొద్దున వాకిట నీళ్లు చల్లి వచ్చాక, వాడి ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టండి. చాట్ పంపుకునేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి.