మూన్‌లైట్ సొనాటా మొదలుపెట్టే అమ్మడికి

చి. అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. బీథోవెన్ మూన్‌లైట్ సొనాటా మొదటి భాగం నేర్చుకుంటానన్నావు, చాలా సంతోషం. ముందు వాయిద్యం సంగతి. నీ 61 మెట్ల కీబోర్డు దీనికి చాలదు. దాని అట్టడుగు స్వరం సి. ఈ రచన రెండో బార్‌లోనే (స్వరాల రాతలో నిలువు గీతల మధ్య గడిని బార్ అంటారు) దానికింది బి అడుగుతుంది, మూడో బార్‌లో ఎఫ్ షార్ప్ దాకా దిగుతుంది. 88 మెట్లూ, సస్టెయిన్ పెడలూ (తొక్కితే స్వరాలు మోగుతూనే ఉండేలా చేసే కాలి మీట) ఉన్నదాని మీదే మొదలుపెట్టు.

వెన్నెల పేరు బీథోవెన్ పెట్టింది కాదు, ఆయన పోయాక వచ్చింది. ఆ పేరు చూసి జోలపాటలా సాగదీయకు. బార్‌కి రెండు దెబ్బలే లెక్క. నేర్చుకునేటప్పుడు మెట్రోనోమ్‌ని (తాళం కొట్టే యంత్రం) క్వార్టర్ నోట్‌కి (బార్‌లో నాలుగో వంతు) నిమిషానికి 40 దగ్గర పెట్టు, చేతులు కుదిరాక 54, 60 మధ్యకి తే.

ఈ రచనలో కుడి చెయ్యి మూడేసి స్వరాల గుంపులుగా (అదే తిశ్రం) సాగుతుంది. మొదటి వారం వాటిని విడివిడిగా వాయించకు. మూడూ కలిపి ఒకేసారి నొక్కుతూ, కింద ఎడమ చేతి ఆక్టేవ్‌లు (ఒకే స్వరం రెండు స్థాయిల్లో) చేర్చు. స్వరమేళనం (కలిసి మోగే స్వరాల గుంపు) ఎక్కడ మారుతోందో చేతికి తెలుస్తుంది. పెడల్‌కి కావలసింది ఆ తెలివే. నాలుగో బార్‌లో మేళనం ప్రతి క్వార్టర్‌కీ మారుతుంది, పెడలూ నాలుగుసార్లు మారాలి. కొత్త స్వరం మోగిన తర్వాత కాలెత్తి వెంటనే తొక్కు. ముందే ఎత్తితే బేస్ తెగిపోతుంది, ఆలస్యమైతే పాతదీ కొత్తదీ కలిసి బురదవుతుంది. డ్యాంపర్లు (తీగల మోతను ఆపే మెత్తలు) ఎత్తి వాయించమని బీథోవెన్ రాసిన మాట నిజమే. కానీ ఆ కాలపు పియానోలో నాదం త్వరగా ఆరిపోయేది, ఇప్పటిదాంట్లో ఆరదు.

అసలు కష్టం ఐదో బార్ చివర, పాట (అన్నిటికన్నా పైన వినిపించే మెలడీ) మొదలయ్యే చోట. అక్కడ కుడి చెయ్యి ఒక్కటే రెండు పనులు చేయాలి. చిటికెనవేలు పాడుతుంది, బొటనవేలూ నడిమి వేళ్లూ తిశ్రం నడుపుతాయి. పాటలో పొడవాటి స్వరం వెంట వచ్చే పొట్టి స్వరాన్ని తిశ్రంలో మూడోదానితో కలిపేయడం అందరూ చేసే తప్పు. క్వార్టర్‌ని 12 భాగాలుగా ఊహించుకో. తిశ్రం 0, 4, 8 దగ్గర పడుతుంది, పొట్టి స్వరం 9 దగ్గర. వెంట్రుకవాసి తేడా, కానీ పాటకి ఊపిరి అక్కడే ఉంది. చిటికెనవేలితో గట్టిగా పాడిస్తూ, మిగతా వేళ్లతో మెట్లను శబ్దం రాకుండా తాకడం రోజుకి పది నిమిషాలు సాధన చెయ్యి. చెయ్యి బరువు చిటికెనవేలి వైపు వాలాలి. మణికట్టు బిగిస్తే నొప్పి వస్తుంది, అప్పుడు ఆపెయ్.

16, 18 బార్లలో బి మీద సి నేచురల్ (షార్ప్ లేని మామూలు సి) గుచ్చుకుంటుంది. తప్పు మోగిందనుకుని దాన్ని మెత్తబరచకు, కాస్త ఆనించి వాయించు. కుడి చెయ్యి చాలకపోతే కింది స్వరాన్ని ఎడమ బొటనవేలికి ఇవ్వు, తప్పేమీ కాదు.

60వ బార్ నుంచి, పాట మొదట్లో వినిపించిన జి షార్ప్ పిలుపు ఎడమ చేతికి దిగుతుంది. ఇన్నాళ్లూ కుడి చేతికి నేర్పిన 9వ భాగం లెక్క అక్కడ ఎడమకీ కొత్తగా నేర్పాలి, అందుకని ఆ పది బార్లూ రెండో వారంలోనే వేరుగా పట్టుకో.

ఇట్లు,
పెదనాన్న