ఆగింది మీరా, నెట్టా?

(పాఠకుల ప్రశ్నలకు కర్నూలు స్పీచ్ థెరపిస్టు జవాబులు)

ప్రశ్న: మేడమ్, నాకు 26 ఏళ్లు. ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగట్లో లెక్కలు రాస్తాను. చిన్నప్పటి నుంచి నత్తి. 'ప'తో మొదలయ్యే మాట అయితే అసలు పెగలదు. మా ఊరి పేరే పెగలదు. కడపలో బస్సెక్కి, కండక్టర్ "యాడికబ్బా?" అంటే "జమ్మలమడుగు" అని టికెట్ తీసుకుని ప్రొద్దుటూరులో దిగిపోతాను. అంగట్లో ఫోన్ మోగితే నీళ్లు తాగే వంకతో లేచిపోతాను. ఇప్పుడు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆన్‌లైన్ థెరపీతో నెలలో నత్తి మాయం, గ్యారంటీ అని ఫోన్‌లో ఒక ప్రకటన వచ్చింది. ముందే 25 వేలు కట్టమంటున్నారు. ఇట్లా ఫోన్‌లో చేసేది పనిచేస్తుందా? మాది ఉమ్మడి కుటుంబం, ఒంటరిగా మాట్లాడే చోటు లేదు. ఎవరికీ తెలియకుండా నేర్చుకుని, నత్తి పోయాకే అమ్మాయిని చూడాలని ఉంది.
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు డబ్బు సంగతి. ఆ 25 వేలు కట్టకండి. ఆన్‌లైన్ అన్నందుకు కాదు, గ్యారంటీ అన్నందుకు. పెద్దయ్యాక కూడా నిలిచిన నత్తి తగ్గుతుంది, తేలికవుతుంది, బతుకుకు అడ్డం రాకుండా పక్కకు జరుగుతుంది. ఆనవాలు లేకుండా పోవడం మాత్రం అరుదు. ఇంకో మాట కూడా చెప్పాలి: నెలలో సాఫీగా మాట్లాడించడం పెద్ద విద్యేం కాదు. ఒక్కో అక్షరాన్నీ సాగదీయించి, లయ పట్టించి మాట్లాడిస్తే చాలామందికి ఆ కాసేపు నత్తి రాదు. ప్రకటనల్లో చూపించేది ఆ కాసేపటి వీడియోనే. ఆర్నెల్ల తర్వాత అదే మనిషి బస్టాండులో ఎట్లా మాట్లాడుతున్నాడో ఎవరూ చూపించరు.

ఇక మీరు అడిగింది. పనిచేస్తుంది. నత్తికి సూది లేదు, నిర్ధారణగా పనిచేసే మాత్ర లేదు. నాలుక కింద తీగ కోయిస్తే పోతుందని ఇప్పటికీ పిల్లల్ని ఎత్తుకొస్తుంటారు, దానికీ నత్తికీ సంబంధమే లేదు. థెరపీ అంతా చూడటం, వినడం, మాట్లాడటం. ఈ మూడూ తెర మీద జరుగుతాయి. పెద్దవాళ్ల నత్తికి ఆస్ట్రేలియాలో క్యాంపర్‌డౌన్ ప్రోగ్రామ్ అని ఒక పద్ధతి ఉంది. క్లినిక్‌కు వచ్చి నేర్చుకున్నవాళ్లనూ దూరం నుంచి నేర్చుకున్నవాళ్లనూ పోల్చి 2010లో ఒక పరిశోధన అచ్చయింది. ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందులో దూరం నుంచి నేర్చుకున్నవాళ్లకు వీడియో కూడా లేదు. మీరు చూస్తేనే లేచిపోయే ఫోన్ మీదే అంతా నేర్చుకున్నారు.

ఎవరి దగ్గర నేర్చుకోవాలన్నది అసలు ప్రశ్న. మన దేశంలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉండాలి. దానికొక నంబరు ఉంటుంది. మొహమాటపడకుండా అడగండి. నంబరు అడిగితే చిరాకుపడేవాళ్లకు అక్కడే నమస్కారం పెట్టండి. చదువు బీఏఎస్ఎల్‌పీయో (మాట, వినికిడి సమస్యల థెరపీకి చదివే డిగ్రీ), ఆ పైదో అయి ఉండాలి. తెలుగు మాట్లాడేవాళ్లయితే మరీ మంచిది, ఎందుకంటే మీకు పట్టేస్తున్నది తెలుగులో, కండక్టర్ అడిగేదీ తెలుగులో. ఆన్‌లైన్‌లో ఉన్న సుఖం ఇదే: థెరపిస్టు హైదరాబాదులో ఉన్నా, మైసూరులో చదివి అక్కడే స్థిరపడ్డ మన తెలుగమ్మాయి అయినా మీకు అందుతుంది. కర్నూలు ఎన్.ఆర్.పేటలో నా దగ్గరికి రావాలంటే మీకు ఒక రోజు జీతం పోతుంది. తెర మీదైతే అంగడి కట్టేశాక ముక్కాలు గంట చాలు.

ఇప్పుడు మీకు నచ్చని మాట. "ఎవరికీ తెలియకుండా" అన్నారు చూడండి, దానికి మాత్రం నేను సాయం చేయను. జమ్మలమడుగు టికెట్, నీళ్ల వంక, ఇప్పుడు ఆన్‌లైన్ క్లాసు: మూడూ దాక్కోవడానికే అయితే మూడోది మొదటి రెండింటికంటే ఖరీదైనది, అంతే. ఆదోని పత్తి మార్కెట్లో పనిచేసే ఒకాయన చాన్నాళ్లు నాతో తెర మీద గలగలా మాట్లాడాడు. మార్కెట్లో దళారి ఎదురుగా నిలబడితే మళ్లీ మొదటికే. అభ్యాసమంతా తలుపు వేసుకుని నాతోనే చేశాడు మరి. ఆ తర్వాత ఫోన్ చొక్కా జేబులో పెట్టించి, ఇయర్‌ఫోన్ ఒక చెవికి తగిలించి, మార్కెట్లోకే నడిపించాను. ఆయన దళారితో మాట్లాడుతుంటే నేను ఊరికే విన్నాను. క్లినిక్‌లో కూర్చుంటే ఇది నాకు చేతకాదు. మీ థెరపిస్టును కూడా అట్లా మీ అంగడి ఫోన్ దాకా, కడప బస్టాండు దాకా తీసుకెళ్లండి.

నేర్పేది ఏమిటో మీ 'ప'తోనే చెప్తాను. 'ప' అనాలంటే పెదాలు క్షణంసేపు కలవాలి, వెనక గాలి ఆగాలి, పెదాలు విడగానే అది బయటికి రావాలి. మీకు కలిసిన పెదాలు విడవవు. గాలి తోస్తుంది, మీరు ఇంకా బిగిస్తారు, దవడ వణుకుతుంది, కళ్లు మూసుకుపోతాయి. దాంతో వెనక్కి వెళ్లి "అదే... మాది వచ్చేసి..." అని మళ్లీ ఎత్తుకుంటారు. వెనక్కి పోకుండా అక్కడే నిలబడటం నేర్పుతారు. పట్టేసిన చోటే ఉండి, బిగువు ఎక్కడుందో గమనించి, పెదాలను కొంచెం వదులు చేయాలి. గాలి సన్నగా జారుతుంది. ఆ జారే గాలి మీదే మాట పూర్తి చేయాలి. ఒకేసారి ఇది రాదు. మొదట పట్టేసిన మాటను ఎట్లాగో ముగించి, ఆగి, అదే మాటను మెత్తగా ఇంకోసారి అంటారు. తర్వాత మాట మధ్యలోనే వదులు చేసుకోవడం వస్తుంది. చివరికి మాటకు ముందే పెదాలు మెత్తగా సిద్ధమవుతాయి. ఈ వరస కట్టినాయన అమెరికాలో చార్లెస్ వాన్ రైపర్. ఆయనకూ నత్తే.

ఇంకో పని కూడా చేయిస్తారు, వింటే కోపమొస్తుంది. కావాలని నత్తి పెట్టి మాట్లాడమంటారు. కండక్టర్ ముందు, రాని చోట కూడా, "ప-ప-ప్రొద్దుటూరు" అని మెత్తగా. అతను టికెట్ చింపి ఇచ్చి పక్క సీటుకు పోతాడు, అంతకుమించి ఏమీ జరగదు. అది ఒంటికి తెలిస్తే సగం బిగువు సడలుతుంది. నత్తి భయం వల్ల పుట్టలేదు. మాటకు కావలసిన కదలికల్ని మెదడు సమయానికి జతచేయడంలో తేడా అది, వంశంలో కూడా నడుస్తుంది. పెద్దవాళ్లలో దాదాపు నూటికి ఒకరికి ఉంటుంది, ఆడవాళ్లకంటే మగవాళ్లకు నాలుగింతలు ఎక్కువ. భయం తర్వాత వచ్చి దానిమీద కూర్చుంటుంది. రెంటికీ పని పెట్టాలి.

కాల్ సంగతి. వీడియో లేకుండానూ కుదురుతుందని పైన చెప్పాను గానీ, ఉంటేనే మేలు, కెమెరా ఆపి మాట్లాడకండి. ఫోన్ చేత్తో పట్టుకోకుండా డబ్బాకో గోడకో ఆనించి, గొంతు నుంచి నుదురు దాకా కనిపించేట్టు పెట్టండి, పెదాలూ మెడా చూడాలి. మైక్ ఉన్న మామూలు తీగ ఇయర్‌ఫోన్స్ వాడండి. వీడియో యాప్‌లో చుట్టుపక్కల రొదను తగ్గించే సెట్టింగ్ ఉంటే ఆపేయండి, సాగదీసిన 'స'ను కూడా అది రొదనుకుని మింగేస్తుంటుంది. తెర మీద బొమ్మ నిలిచిపోయినప్పుడు "ఆగింది మీరా, నెట్టా?" అని నేను మొహం మీదే అడిగేస్తాను. మొదట్లో ముడుచుకుంటారు. తర్వాత "నేనే మేడమ్, ఉండండి" అని వాళ్లే చెప్తారు. ఆ మాట చెప్పగలిగిన రోజు నుంచి పని వేగంగా సాగుతుంది.

చోటు లేదంటే మిద్దె మీదికి వెళ్లండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, అమ్మకో వదినకో. మీ చిన్నప్పటి నుంచి వింటున్న నత్తి వాళ్లకు కొత్తా? సంబంధం విషయంలోనూ అంతే. చూపులకు ముందే ఆ అమ్మాయికి మీ నోటితోనే, నత్తితోనే చెప్పండి. నత్తి పోయాకే చూస్తానంటే ముహూర్తాలు దాటిపోతాయి. ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ అని నత్తి ఉన్నవాళ్లే నడుపుకునే సంఘం ఉంది, ఆన్‌లైన్‌లో కలుస్తుంటారు. థెరపీకి బదులుగా కాదు, పక్కన ఉంచుకోండి.

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. రెండు నెలలుగా "నా-నా-నాకు" అంటున్నాడు. "మెల్లగా చెప్పు నాన్నా" అంటే ఇంకా ఎక్కువవుతోంది. మా అత్త రోజూ వస అరగదీసి వాడి నాలుకకు రాస్తోంది. అంత చిన్నోడు ఆన్‌లైన్ క్లాసులో కూర్చుంటాడా?
— ఒక తల్లి, గుంతకల్లు

జవాబు: వాడు కూర్చోవాల్సిన పని లేదు తల్లీ, మీరు కూర్చోవాలి. ఈ వయసు పిల్లలకు బాగా పరీక్షకు నిలిచిన లిడ్‌కంబ్ పద్ధతిలో థెరపీ చేసేది అమ్మానాన్నలే, థెరపిస్టు వాళ్లకు నేర్పుతుంది. రోజూ పిల్లాడి నత్తికి 0 నుంచి 9 దాకా ఒక అంకె వేయడం, ఆటల మధ్య సాఫీగా వచ్చిన మాటను ఎట్లా మెచ్చుకోవాలన్నది అందులో ఉంటాయి. వెబ్‌క్యామ్ మీద నేర్పినా క్లినిక్‌లో నేర్పినా ఫలితం ఒకటేనని 2016లో తేలింది. సొంతంగా మాత్రం మొదలుపెట్టకండి.

ఈ ఈడులో నత్తి వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి దానంతటదే పోతుంది. అయినా ఒకసారి చూపించండి. ఇంట్లో ఎవరికైనా పెద్దయ్యాక కూడా నత్తి ఉంటే, వాడు కళ్లు బిగిస్తుంటే, ఆరు నెలలు దాటితే ఇక ఆగొద్దు. "మెల్లగా చెప్పు" మానేయండి. మీరే కాస్త నిదానంగా మాట్లాడండి, వాడు ముగించేదాకా వాడి మాట మీరు అందుకోవద్దు.

వస ఆపించండి. మాటలొస్తాయని మనవైపు పాత నమ్మకమే కానీ, వసలో బీటా-అసరోన్ అనే హానిచేసే పదార్థం ఉంటుంది, అమెరికాలో 1968లోనే దాన్ని తినే వస్తువుల్లో వాడకూడదని నిషేధించారు. మీరు చెప్తే ఇంట్లో గొడవవుతుందనుకుంటే ఈ పేజీ అత్తగారికి చదివి వినిపించండి, తిట్లు నాకు పడతాయి.