అక్వేరియం క్యానిస్టర్ ఫిల్టర్‌లో నీటి ధార ఎందుకు తగ్గుతుంది?

శుభ్రం చేసి బిగించాక క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే డబ్బా ఫిల్టర్) గరగరమంటోంది, నీళ్లు సన్నగా వస్తున్నాయి, మోటారు పోయిందా అన్నది మీ ప్రశ్న. చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది. కడిగిన వెంటనే శబ్దం మొదలైతే ముందు లోపల చిక్కుకున్న గాలిని అనుమానించండి. ఈ పంపులు గాలిని నెట్టలేవు, డబ్బా నిండా నీళ్లుంటేనే సరిగ్గా పనిచేస్తాయి. స్విచ్ ఆపి, డబ్బాను ట్యాంకు నీటిమట్టం కంటే కిందే ఉంచి, ప్రైమింగ్ బటన్ (నీళ్లను డబ్బాలోకి లాగేది) నొక్కి నింపండి. ఆన్ చేశాక మెల్లగా అటూ ఇటూ వంచితే బుడగలు బయటికి పోతాయి. అవి ఎంతకీ ఆగకపోతే నీళ్లు లాగే పైపు జాయింటు దగ్గరో, మూత ఓ-రింగు (రబ్బరు వలయం) దగ్గరో గాలి దూరుతున్నట్టే. ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు రాయండి, వాజలీన్ వద్దు.

ధార రోజురోజుకీ తగ్గుతూ వచ్చిందంటే సమస్య వేరు. అందరూ స్పాంజి కడుగుతారు, పైపులను మర్చిపోతారు. వాటి లోపల పట్టిన పాచిని పొడవాటి బ్రష్‌తో తోమాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంపెల్లర్ (నీటిని నెట్టే చిన్న చక్రం) మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది. వెనిగర్‌లో నానబెట్టి బాగా కడిగితే పోతుంది. అది తిరిగే సిరామిక్ షాఫ్ట్ (ఇరుసు) ఇట్టే విరుగుతుంది, జాగ్రత్త.

స్పాంజిని మాత్రం దయచేసి కొళాయి కింద పెట్టకండి. ఆ నీటిలోని క్లోరిన్, స్పాంజిలో ఉండి విషపూరితమైన అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియాను చంపేస్తుంది, ఆ దెబ్బ చేపల మీద పడుతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. కరెంటు చాలా గంటలు పోయినప్పుడు కూడా ఆ బ్యాక్టీరియా చచ్చి నీళ్లు పాడవుతాయి, కాబట్టి ఫిల్టర్‌లో నిలిచిన నీళ్లు పారబోశాకే ఆన్ చేయండి.