విండో సీటు సరే, ఏ వైపు?

విమానంలో విండో సీటు తీసుకున్నా దారి పొడవునా రెక్క తప్ప ఏమీ కనబడలేదని కొత్తగా ఎక్కినవాళ్ళు తరచూ అంటుంటారు. నా మొదటి ప్రయాణంలో నాకు రెక్క కూడా దక్కలేదు. తీరా కూర్చున్నాక చూస్తే పక్కన ఉత్త ప్లాస్టిక్ గోడ! బోయింగ్ 737లో ఎడమవైపు, రెక్కకి కాస్త ముందు ఒక వరుసలో ఏసీ గాలి గొట్టం గోడలోంచి పైకి వెళ్తుంది. అందుకని అక్కడ కిటికీ ఉండదు. ఆ వరుస నంబరు ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతుంది. ఏరోలోపా సైట్‌లో సీట్ మ్యాప్ తీస్తే ఏ వరుస పక్కన కిటికీ ఉందో కనిపిస్తుంది. సీటు ఖాయం చేసే ముందు ఒకసారి చూసుకోండి.

వరుస కన్నా ముందు ఏ వైపో తేల్చుకోవాలి. సీటు నంబరులో ఎ అక్షరం ఎప్పుడూ ఎడమ కిటికీ. కుడి కిటికీ చిన్న విమానాల్లో ఎక్కువగా ఎఫ్, పెద్దవాటిలో కె. ఇక సూర్యుడి సంగతి. అమెరికా, యూరప్‌లలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు. కాబట్టి తూర్పు పడమరలుగా వెళ్ళే విమానంలో ఉత్తరం వైపు కూర్చుంటే కళ్ళలో ఎండ కొట్టదు, కింద నేల శుభ్రంగా కనిపిస్తుంది. పడమరకి వెళ్తుంటే ఉత్తరం కుడివైపు, తూర్పుకి వెళ్తుంటే ఎడమవైపు. అవతలి వైపు వాళ్ళు సగం దారి షట్టర్ మూసుకునే కూర్చుంటారు, పాపం.

ఎండ పడని వైపు ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. కింద మబ్బుల మీద విమానం నీడ, దాని చుట్టూ గుండ్రంగా ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి. దాన్ని గ్లోరీ అంటారు. ఆ వలయానికి సరిగ్గా మధ్యలో పడేది మీరు కూర్చున్న చోటి నీడే. నేను మూడు నాలుగు సార్లు చూశాను, ప్రతిసారీ పక్కవాళ్ళని నిద్ర లేపి మరీ చూపించాను.

విమానం మ్యాప్ మీద గీత గీసినట్టు వెళ్ళదు. అమెరికా పశ్చిమ తీరం నుంచి యూరప్ వెళ్ళేవి చాలాసార్లు గ్రీన్‌లాండ్ మీదుగా వెళ్తాయి. అదే నంబరు విమానం గత నాలుగైదు రోజుల్లో ఏ దారిన వెళ్ళిందో ఫ్లైట్‌రాడార్24 సైట్‌లో చూస్తే మీకే అర్థమవుతుంది. కాలిఫోర్నియా నుంచి సియాటిల్ వస్తుంటే కుడివైపు తీసుకోండి, 4,392 మీటర్ల రెయినీర్ పర్వతం అటే ఉంటుంది. న్యూయార్క్‌లో హడ్సన్ నది వెంబడి దక్షిణానికి దిగుతూ వస్తే మన్‌హాటన్ ఎడమవైపు. కానీ దిగే దిక్కుని ఆ రోజు గాలి తేలుస్తుంది కాబట్టి గ్యారంటీ ఏమీ లేదు. చలికాలం రాత్రి అట్లాంటిక్ దాటుతుంటే ఉత్తరం వైపు కూర్చోండి. అదృష్టం బాగుంటే ధ్రువకాంతులు కనిపిస్తాయి.

ఇక వరుస అంటారా, రెక్కకి బాగా ముందున్నవి మేలు. వెనక కూర్చుంటే ఇంజిన్ వేడిగాలికి దృశ్యం అలలు అలలుగా కదిలిపోతుంది. ఏటీఆర్ 72 లాంటి చిన్న విమానాల్లో రెక్క పైన ఉంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ. బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్ కిటికీలు పెద్దవే గానీ వాటికి షట్టర్ ఉండదు, బటన్ నొక్కితే అద్దం నల్లబడుతుంది. సిబ్బంది అన్నిటినీ ఒకేసారి నల్లగా చేసేస్తే మన బటన్ పనిచేయదు. పట్టపగలు మంచుకొండల మీద వెళ్తూ నీలిచీకట్లో కూర్చోవడం నాకైతే ఒళ్ళు మంట.

ఫొటోకి ఫ్లాష్ ఆపి, ఫోన్ అద్దానికి దగ్గరగా పెట్టండి. పోలరైజ్డ్ కళ్ళద్దాలు తీసేయండి, వాటితో చూస్తే కిటికీ నిండా రంగు చారలే. అంతకుముందు ఆ సీట్లో కూర్చున్నవాళ్ళు అద్దానికి అంటించిన నుదుటి జిడ్డు తుడవడానికి ఒక టిష్యూ ఉంచుకోండి. కిటికీ అడుగున కనిపించే సన్నటి రంధ్రం గాలి ఒత్తిడి కోసం పెట్టిందే, దానికి టెన్షన్ పడకండి. దాని చుట్టూ పేరుకున్న మంచు మాత్రం ఎంత తుడిచినా పోదు, అది కిటికీ అద్దం పలకల మధ్యలో ఉంటుంది.